పాళీ మామ కడిగిన పెన్ను

టీచరమ్మ తన పెన్ను కోసం వచ్చి టీకొట్టు బల్ల మీద కూర్చోగానే, పాళీ మామ ఆవిడ ముఖం చూడకుండా కథ ఎత్తుకున్నాడు. పెన్ను ఆయన చొక్కా జేబులోనే ఉంది. నలభై ఏళ్లుగా ఎదురుగా ఉన్న చిన్న గదిలో పెన్నుల పాళీలు బాగుచేస్తున్నాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. కోతలు కొయ్యడం అంతకు ముందు నుంచే అలవాటు.

"ఒకసారి లాయరుగారి పెన్ను వచ్చింది. ఇంకు లోపల గడ్డకట్టి రాయైపోయింది. ఇంకొకడైతే గుండుసూది పెట్టి పొడిచి పాళీ చీలిక పాడుచేసేవాడు. నేను గ్లాసులో గోరువెచ్చటి నీళ్లు పోసి, పాళీ దించి, తాపీగా కూర్చున్నా. నీళ్లు మరిగాయా, పాళీకి ఇంకు అందించే కింది నాలుక వంకరపోతుంది."

"అది మాకూ తెలుసులే," అన్నాడు పక్కన బొత్తాలు కుడుతున్న దర్జీ.

"తెలుసు, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గ్లాసుడు నీళ్లూ నీలం. మార్చాను, మళ్లీ నీలం. బకెట్టు పెట్టాను, తొట్టి పెట్టాను, ఆగితేనా. లాయరుగారి ఇరవై ఏళ్ల వాదనలు మరి. కాలవలో పారబోస్తే కాలవంతా నీలం, దిగువన ఉతికిన దుప్పట్లన్నీ నీలం, ఆ నీళ్లు తాగిన ఆవు వారం రోజులు నీలం పాలిచ్చింది."

"ఆ పాలతో టీ నువ్వే తాగుంటావు," అన్నాడు టీకొట్టాయన.

"తాగాను, నాలుక మీద అక్షరాలు లేచాయి. అది సరే, పాళీ రెండు కొనలూ ఎగుడుదిగుడుగా ఉంటే గోటితో ఒక్క నొక్కు నొక్కి, గాజుపలక మీద గుండ్రంగా తిప్పా. ఇక చూడు, ఆయన సంతకం మొదలెడితే పెన్ను ఆగదే. బల్ల దాటి, గోడెక్కి, వీధిలో పడి..."

ఇద్దరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. కథ ఆగితే జేబులో చెయ్యి పెట్టాల్సిందే, అందుకని పాళీ మామ ఆ సంతకాన్ని రైలెక్కించాడు, కొండలెక్కించాడు, సముద్రం కూడా దాటించేవాడే.

"నా పెన్ను ఇవ్వండి," అంది టీచరమ్మ.

ఇచ్చాడు. ఆవిడ సంచిలోంచి కాగితం తీసి ఒక వాక్యం రాసింది. ఎక్కడా గీరుకోలేదు.

"పాళీ బాగా చేశారు," అంది. కాసేపు ఆ అక్షరాలే చూసి, "ఈ ఇంకు ఎవరిది?" అని అడిగింది.

"అదేనమ్మా..."

"మా ఆయన నీలంలో నాలుగు చుక్కలు నలుపు కలుపుకునేవారు. ఇందులో ఉన్నది ఆఖరిసారి ఆస్పత్రికి వెళ్లే ముందు రోజు ఆయన పోసుకున్న ఇంకు. పాళీ వరకే చూడండి, లోపలిది కదపొద్దని రెండుసార్లు చెప్పాను."

చెప్పింది, ఆయన విన్నాడు కూడా. కానీ చేతికి పెన్ను తగిలితే విప్పి నీళ్లలో ముంచడం తప్ప ఆ వేళ్లు ఇంకోటి ఎరగవు. నీళ్లు రంగు తిరిగాక గానీ ఆవిడ మాట గుర్తుకు రాలేదు.

"కడిగేశానమ్మా."

"ఆ నీళ్లు?"

"పొయ్యి మీద పెట్టాను. చిక్కబడితే మళ్లీ అందులోనే పోద్దామని. కదలకుండా దగ్గరే కూర్చున్నాను. అయినా మాడిపోయింది."

దర్జీ పకపకా నవ్వి, "అన్నిటికన్నా ఇదే పెద్ద కోత మామా," అన్నాడు. టీకొట్టాయన అతని మోచెయ్యి పట్టుకున్నాక ఆపాడు.

"ఇది నిజం," అన్నాడు పాళీ మామ, ఎవరినీ చూడకుండా.

"గిన్నె ఉందా?" అంది టీచరమ్మ.

"ఉందమ్మా. అడుగున కాస్త అంటుకుని ఉంది. తోమలేదు."

"తెచ్చివ్వండి."

ఆయన వీధి దాటి వెళ్లి గిన్నెని రెండు చేతులతో పట్టుకొచ్చాడు. ఆవిడ లోపలికి తొంగిచూసింది, వేలితో తాకబోయి మానుకుంది. బల్ల మీది పెన్ను వైపు ఒకసారి చూసి, కాగితం గిన్నె మీద కప్పి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

పెన్ను బల్ల మీదే ఉంది. పిలిచి ఇవ్వమని టీకొట్టాయన సైగ చేశాడు. పాళీ మామ దాని మూత పెట్టాడు గానీ, పిలవలేదు.