జొన్నపిట్టలకు రెండు సాళ్లు

"చిట్టెమ్మా! ఓ చిట్టెమ్మా! వచ్చినయే నీ చుట్టాలు!"

పెరట్ల నుంచి తాత కేక. అవ్వ పిండి చేతులతోనే ఉరికింది, నేను ఫోన్ పట్టుకొని ఆమె ఎనక ఉరికిన. బూరుగు చెట్టు నిండ పిట్టలే. ఏది ఎర్ర పువ్వో, ఏది పిట్టనో తెలుస్తలేదు. చెట్టు కింద నులక మంచం మీద తాత మొహం పైకెత్తి కూసున్నడు. ఆయనకు రెండు కండ్ల మీద పొర వచ్చింది. ఎలుగు తప్ప ఏం కనపడదు, పిట్టల్ని సప్పుడుతోనే గుర్తుపట్టిండు. సోమవారం వనపర్తిల ఆపరేషన్.

అవ్వ కడుపు నిండ సూసి మల్ల పొయ్యి కాడికొచ్చి రొట్టె తట్టుడు మొదలుపెట్టింది. "అవ్వ, నువ్వు మంచె మీంద నుంచి తాతను సూసిన ముచ్చట చెప్పవా" అన్న. ఆ ముచ్చట అంటే నాకు ప్రాణం. కని ఎప్పుడు చెప్పినా తాతనే చెప్తడు, అవ్వ నోట ఒక్కసారి కూడ ఇనలె. ఈ కింద రాసినయన్ని ఆమె మాటలు.

పెట్టినవా? ఆ ఎర్రగ మెరుస్తుంది, అదేనా రికార్డు? సరే. జర మెల్లగ మాట్లాడుత. మీ తాతకు కండ్లు పోయినయి గని చెవులు పిల్లి చెవులు.

మీ తాత ముచ్చట తర్వాత చెప్త గని, ముందుగాల ఈ పెరట్లకు ఎవలెవలు వస్తరో ఇను. వానలు పోయి సలి వడంగనే నూనెబుడ్డిగాడు వస్తడు. ఒక్కడే వస్తడు, జంట లేదు ఏం లేదు. ఒళ్లంత బుడ్డికి పట్టిన మసి లెక్క నల్లగ, తోక మటుకు దీపం ఒత్తి లెక్క. అది ఎప్పుడు వణుకుతనే ఉంటది, సూసినవా? ఆ నీళ్ల తొట్టి గోడ మీంద కూసుంటడు, ఈ గోడ నాది అన్నట్టు. ఇంకో పిట్టను రానియ్యడు. మా అత్త లెక్క. ఆమె గూడ గా అరుగు మీంద గట్లనే కూసుంటుండె, ఎవలను ఎక్కనియ్యకపోతుండె.

తర్వాత కాటుకపిట్ట. బోళ్లు తోమిన కాడ తోక ఊపుకుంట నడుస్తది. ఆ నడక సూస్తే కొత్తగ కాపురానికొచ్చిన పిల్ల లెక్కనే ఉంటది, రెండడుగులేసుడు, ఆగుడు, ఇటు సూసుడు, అటు సూసుడు. శివరాత్రి పోయినంక ఒకదినం పొద్దుగాల లేసి సూస్తే ఉండదు. చెప్పి పోదు. నువ్వే గద సెల్లుల సూసి చెప్తివి, కొండలు దాటి వేరే దేశాలకు పోతయని? పిడికెడు లేదే అది! మనం నాగర్‌కర్నూలు దాక బస్సుల పోయొస్తే రెండు దినాలు నడుము పట్టుకుంటది. దానికి తొవ్వ ఎవలు చెప్తరో, యాడ ఆగుతదో, ఏం తింటదో... నేను ఆలోచన చేస్తనే ఉంట.

అయినా బిడ్డ, జొన్నపిట్టల ముందర ఇవన్ని ఏం లెక్క. సదువుకున్నోళ్లు గులాబి గోరింకలు అంటరట. మేం జొన్నపిట్టలనే అంటుంటిమి, ఎందుకంటే జొన్న పాలు పట్టినప్పటి నుంచి కోసేదాక వాటితోని మాకు కొట్లాటనే. గప్పుడు ఈ పత్తి యాడిది, ఈ మక్కలు యాడియి? కోడేరు దిక్కు మా నల్లరేగళ్లన్ని తెల్లజొన్ననే. మనిషి లోపటికి పోతే కనపడకపోతుండె. వనపర్తికి బస్సు చార్జి రూపాయి కూడ లేకుండె, అయినా పోనీకే మా తాన పైసలు లేకుండె, అది వేరే ముచ్చట.

నాకు పదిహేడు... కాదు, పద్దెన్మిది. పద్దెన్మిది నిండినయి. మా అమ్మ తమ్ముడు, మా మామ, వనపర్తిల కిరాణం దుకాణం పెట్టుకున్నడు. నన్ను ఆయనకిస్తమని మాట అనుకున్నరు. జొన్న కోసి ఇంటికొచ్చినంక లగ్గం. మంచోడేలే. నాకు ఇష్టం లేదని కాదు, ఉందని గూడ కాదు. ఎవలడిగిండ్రు?

ఆ ఏడు మా నాయనకు జ్వరం వట్టింది. కావలికి నన్ను పంపిండ్రు. మంచె ఎరుకనే గద నీకు, నాలుగు గుంజలు పాతి పైన కట్టెలు కడ్తరు. పొద్దు పొడవకముందే ఒడి నిండ రాళ్లు ఏరుకొని మంచె ఎక్కాలె. రాళ్లు పక్కకు కుప్ప పోసుకోవాలె. పిట్టలు వాలంగనే వడిసెలల రాయి పెట్టి గిరగిర తిప్పి ఇడిస్తే, రాయి తాకకున్న సరే, ఆ సప్పుడుకే లేస్తయి. దినమంత గంతే. మాపటికి రాళ్ల కుప్ప ఒడిసిందంటే కావలి మంచిగ కాసినట్టు. మా నాయన వచ్చి ముందుగాల కుప్ప సూస్తడు, తర్వాతనే చేను సూస్తడు.

మా గెట్టుకు అవతల మీ తాతోళ్ల చేను. ఆయనకు గూడ ఒక మంచె. బుచ్చన్న అంటే అప్పటికి నాకు ఒట్టిగ పక్క చేను పిలగాడు, గంతే. పొడుగ్గ ఉంటడు, చెవుల మీంద దాక జుట్టు. ఒర్రుడు మటుకు ఎక్కువ. ఊకె "హోయ్... హోయ్..." అని ఒర్రుతుండె, పిట్టల్ని కొట్టనీకే ఒర్రుతుండో, ఎందుకు ఒర్రుతుండో నాకు తెల్వదు.

ఇగ ఆ పొద్దు చెప్త. ఇంకో నాలుగు దినాలైతే కోస్తం. కంకులు తెల్లగ ముత్యాల లెక్క నిండినయి. పొద్దు అప్పుడే పొడుస్తుంది. తూర్పు దిక్కు నుంచి ఒక మబ్బు వచ్చింది. మబ్బనే అనుకున్న. దగ్గరికొచ్చినంక సప్పుడైంది, వానొచ్చే ముందు వస్తది సూడు, గసొంటి సప్పుడు. పిట్టలు! ఎన్నని చెప్పాలె బిడ్డ, ఆకాశం మీంద బట్ట పరిసినట్టు. నేను రాయి పెట్టిన, చెయ్యి లేపిన. తిప్పుదమనే లోపట ఆ గుంపంత ఒక్కసారి మళ్లింది. అన్ని ఒక్క తీరుగ, ఒక్కటి ఎనకపడలే, ఒక్కటి ఇంకోదానికి తాకలే. ఇటు మళ్లితే నల్లగ, అటు మళ్లితే ఎండ వడి గులాబి రంగు. గద్వాల చీరలు అమ్మెటాయన మనింటికి వచ్చినప్పుడు కొంగు ఇట్ల పట్టి జాడిస్తడు సూడు, ఒక దిక్కు నుంచి ఒక రంగు, ఇంకో దిక్కు నుంచి ఇంకో రంగు? అట్ల. గాని ఆకాశమంత చీర.

చెయ్యి లేపింది లేపినట్టే ఉండిపాయె.

అవి మా చేన్ల వాలినయి. ఒక్కొక్క కంకి మీంద ఒక్కొక్కటి. జొన్నకు గులాబి పువ్వు పూసినట్టు అయింది, చేనంత. తల మీంద నల్ల కుచ్చు ఇట్ల లేస్తది, పడుతది. తినుకుంట ముచ్చట పెట్టుకుంటయి, కొట్లాడుకుంటయి, పెండ్లి భోజనాల కాడ లెక్క. మల్ల లేస్తయి, ఒక చుట్టు తిరుగుతయి, మల్ల వాలుతయి. నేను ఎంతసేపు సూసిన్నో ఒట్టు, నాకు తెల్వదు. ఆకలి తెల్వలే, ఎండ తెల్వలే. మా నాయన యాదికి రాలె. పాపం జ్వరంతోని పండుకున్న మనిషి!

నాకు తెలివొచ్చేసరికి సగం చేను ఒట్టి పొట్టు. కంకులు నిలవడ్డయి గని లోపట గింజ లేదు. గెట్టు అవతల గూడ అదే కథ, మీ తాతోళ్లది గూడ సగం పాయె. మాపటికి మా నాయన కర్ర పట్టుకొని వచ్చిండు. మంచె మీంద కుప్ప సూసిండు. ఒక్క రాయి తగ్గలే! పక్క మంచె సూసిండు. ఆడ గూడ ఒక్క రాయి తగ్గలే.

ఇగ ఊరు ఊరుకుంటదా? పక్కపక్క మంచెలు, వయసు పిల్లలు, రెండు కుప్పలు పోసినయి పోసినట్టే. పెద్దమనుషులు కూసున్నరు. "ఏం జేస్తున్నవే మంచె మీంద?" అని నన్నడిగిండ్రు. ఏమని చెప్పాలె? పిట్టలు మంచిగ కనపడితే సూసుకుంట కూసున్న అని చెప్పనా? ఇంటెడు మంది తినే జొన్న పిట్టలకు పెట్టి సూసుకుంట కూసుందంటే పిచ్చిదంటరు. తల దించుకొని నిలవడ్డ. అప్పుడు మీ తాత లేసిండు. "చిట్టెమ్మ నన్నే సూస్తుండె" అన్నడు. అందరి ముందర! మా అమ్మ చీపురుతోని నా ఈపు ఇమానం మోత మోగిచ్చింది. మా మామ సంబంధం ఇగ యాడిది. ఉగాది పోయినంక నన్ను మీ తాతకిచ్చిండ్రు.

ఏంది, నవ్వుతున్నవా? నీకు మంచిగుంటది. మీ తాత ఈ ముచ్చట చెప్పినప్పుడల్ల మీసం దువ్వుకుంటడు. బస్టాండ్ల చెప్తడు, లగ్గాలల్ల చెప్తడు, మొన్న కండ్ల డాక్టరమ్మకు గూడ చెప్పిండు. "ఈమె నన్ను సూసుకుంట చేను పాడుచేసింది డాక్టరమ్మా, నాకు కండ్లొస్తె నేను ఈమెను సూసి బాకీ తీరుస్త" అని. ఆమె నవ్వింది. నేను ఏం చెయ్యాలె, నవ్విన.

యాభై ఏండ్లాయె బిడ్డ. నేను ఆయనను సూడలే అని ఎన్నిమార్లు చెప్పాలనుకున్నా నోరు రాలే. గంత సంబురంగ చెప్పుకుంటడు, ఎట్ల తీసేస్త? గని సోమవారం ఆపరేషనాయె. కండ్లు మంచిగైతె నా మొహం సూస్తడు, మొహం సూస్తె నేను చెప్పలేను. చెప్తె ఈ రెండు మూడు దినాలల్లనే చెప్పాలె. అందుకే పొద్దున్నుంచి నాకు పరేషాన్.

ఏం అబద్ధం చెప్త నీకు, తర్వాత ఆయనను సూసిన. మంచిగనే సూసిన. పెండ్లైన మరుసటేడు జొన్న కోసినప్పుడు గెట్టు పొంటి నాలుగు సాళ్లు కొయ్యకుంట ఇడ్సిండు. మా అత్త తిట్టింది. "కోసుడు మర్సిన" అన్నడు. నాలుగు సాళ్లు ఎవలన్న మరుస్తరా? జొన్నపిట్టలు వచ్చి వాలినయి. నేను చేన్ల నిలవడి సూసిన, ఎవలు ఏమనలే. ఆ దినం మొదలు ఆయన మీంద నాకు... నీతోని ఏం చెప్పాలెనే, సిగ్గు. ఆ మరుసటేడు మల్ల మర్సిండు. ఏటేట మర్సిండు. భూములన్ని పత్తి అయినంక, ఈ పెరట్ల బూరుగు కింద రెండు సాళ్లు జొన్న ఏస్తడు. ఇంత మందిమి ఉన్నం, ఆ రెండు సాళ్ల జొన్న ఒక్క రొట్టెకు గూడ తియ్యనియ్యడు. ఈ ఏడు కండ్లు కనపడకున్న, తాడు కట్టుకొని చేతులతోని తడుముకుంట ఇత్తనం పెట్టిండు.

నేను అప్పుడు ఒక్క మాట అడిగిన. "అవ్వ, నువ్వు తననే సూస్తున్నవ్ అనుకున్న మనిషి, పిట్టలకని జొన్న ఎందుకు ఇడ్సిండు?"

అవ్వ చెయ్యి రొట్టె మీద ఆగింది. పెనం మీది రొట్టె మాడిన వాసన వస్తుంది, తియ్యలేదు. కొంగుకు చేతులు తుడుచుకొని పెరట్లకు పోయింది. నేను ఫోన్ ఆపకుంటనే ఎనక పోయిన. పిట్టలు చెట్టు దిగి ఆ రెండు సాళ్ల మీద వాలినయి. కంకులన్ని గులాబి రంగుగ ఊగుతున్నయి. అవ్వ మంచం కాడ నిలవడింది.

"ఏమయ్య, ఒక మాట."

"రొట్టె మాడుతుంది, సూసుకోపో."

"మాడనియ్యి. ఆ పొద్దు మంచె మీంద నేను నిన్ను సూడలె. పిట్టల్ని సూసిన. ఇన్నేండ్లు చెప్పలె."

తాత పిట్టల దిక్కే చెవి పెట్టి కూసున్నడు. తర్వాత చెయ్యి చాపి అవ్వ కొంగు కొస దొరకబట్టుకున్నడు.

"నా కుప్పల గూడ ఒక్క రాయి తగ్గలే గదనే. ఎందుకో ఒక్కరన్న అడిగిండ్రా? నేను నిన్ను సూస్తుంటి. అప్పుడు నా కండ్లు మంచిగుండె, నువ్వు యాడ సూస్తున్నవో నాకు కనపడదా? పెద్దమనుషులకు ఉన్నదున్నట్టు చెప్తె నిన్ను వనపర్తిల మీ మామకు ఇస్తుండ్రి. నన్ను సూస్తుండెనని అబద్ధం ఆడింది నేనే, చిట్టెమ్మ."