ఫోటోలోంచి లేచి వెళ్ళిన ఇల్లాలు

మూతబడిన స్టూడియోకు ఎదురుగా ఉన్న టీకొట్టులో, ముసలి ఫోటోగ్రాఫరును అతని బావమరిది అడిగినది ఒక్కటే.

"బావా, అక్క ఫోటో ఇస్తే గోడకు పెట్టుకుంటాను. పోయినప్పటి నుంచీ రేపూ మాపూ అంటున్నావు."

"ఫోటో అంటే ఏమనుకున్నావురా! ఆ కెమెరా మూడుకాళ్ళ మీద నిలబెడితే నా ఎత్తు. తిత్తి సాగదీస్తే ఈ బల్లంత. నల్లగుడ్డలో తల దూర్చి వెనక అద్దంలో చూస్తే మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. ఇప్పటివాళ్ళు తలకిందులుగా తపస్సు చేసినా అలాంటి ఫోటో తీయలేరు. ఒకసారి కొండను తీశానా, కొండ మీది చీమ కనిపించింది. చీమ మీసం కూడా!"

"మీసం మెలేసిందా?" అన్నాడు టీకొట్టాయన.

"నవ్వవయ్యా, నవ్వు. ఇంకోసారి వానను తీస్తే, ఆరేసిన ఫోటో వారమంతా కారుతూనే ఉంది. కింద బకెట్టు పెట్టాం!"

"అక్క సంగతి చెప్పు, బావా."

"అక్కడికే వస్తున్నా. మర్నాడు ఆసుపత్రికి పోవాలి. ఆ పూట ముఖం కాస్త తేటగా ఉందని కుర్చీలో కూర్చోబెట్టాను. ఫిల్ముకు వెలుగు తగలకుండా అడ్డంగా ఒక రేకుంటుంది. దాన్ని లాగి, ఎప్పట్లాగే చంకలో పెట్టుకుని, 'కదలకు' అన్నాను. వీధిలో కుక్క మొరగడం మానేసింది! గోడ గడియారం ఆగిపోయింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫిల్ము కడుగుతుంటే తొట్టిలోంచే రెప్ప వేసింది. తీగకు ఆరేస్తే అక్కణ్ణుంచి 'తిన్నావా?' అంది. లేదన్నాను. 'నేను చూడకపోతే నీ గతి ఇంతే' అని, కుర్చీ వెనక్కి తోసి లేచి, వంటింట్లోకి వెళ్ళిపోయిందిరా! మనిషే లేచి వెళ్ళాక ఫిల్ములో ఏముంటుంది? కిటికీ అద్దంలా మిగిలింది. నీకేమివ్వను?"

టీకొట్టాయన ఈసారి నవ్వలేదు. బావమరిది గ్లాసు కింద పెట్టాడు.

"ఆ రోజు నేను అక్క పక్కనే ఉన్నాను బావా. నీ చంకలో రేకు లేదు. అది కెమెరాలోనే ఉండిపోయింది."

ఫోటోగ్రాఫరు మూతబడిన స్టూడియో వైపు చూశాడు.

"చెప్పబోతే అక్క నా చెయ్యి నొక్కింది. ఇన్నేళ్ళు నీ పని చూసిన మనిషికి తెలియదా? 'ఊరుకోరా, మీ బావ చిన్నబుచ్చుకుంటాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్ళీ కూర్చుంటాలే' అంది."

ఫోటోగ్రాఫరు ఎడమ చంక బిగించుకుని, అందులో ఏదో ఉన్నట్టే, అలాగే కూర్చుండిపోయాడు.