ముకుందం సామి, మిద్దె మీది డిష్షు

ఏం నరేంద్రా, కొత్త టీవీ గోడకు కొట్టించి, బొమ్మ ఎట్లుండాది మామా అని నన్ను అడగతా ఉండావే, నా కండ్లకు అన్నీ బాగానే ఉండాయప్పా. మనుషులు మనుషుల మాదిరే ఉండారు, చెట్లు చెట్ల మాదిరే ఉండాయి. ఇంగేం కావాల. బొమ్మ సూసి తీర్పు చెప్పే మనిషి ఒకాయన ఉండె ఈ మిట్టూరులో. మా పక్కిల్లు, ఇప్పుడు టైలరు అంగడి పెట్టుకోనుండారే, ఆ ఇల్లే. ముకుందం సామి. నువ్వు ఈ వీధికి కాపురం రాకముందే పోయినాడులే. తిరుపతిలో దేవస్థానం ఆఫీసులో సూపరింటెండుగా చేసి, రిటైరైనాక చిత్తూరొచ్చి ఈ మిట్టూరులోనే ఇల్లు కొనుక్కున్నాడు. తెల్లపంచె, నుదుట నామం, మాట నిదానం. ఆయప్ప ఇంటిమీద డిష్షు పెట్టించిన రోజు ఈ వీధిలో ఎవురికీ డిష్షు లేదు. మాకందరికీ కేబులు వైరే. ఆ డిష్షు వచ్చిందాకా మామూలు మనిషే. అది వచ్చినాక ఆయనకు పెద్ద ఉద్యోగం వచ్చినట్లైపోయింది.

ఆయన టీవీ సూసే పద్ధతి చెప్తా విను. మనం కూర్చోని సూస్తామే, అట్ల కాదు. మొదట వాకిలి కాడ నిలబడి సూస్తాడు. మల్లా కుర్చీలో కూర్చోని సూస్తాడు. మల్లా గోడవారకు పోయి ఓరగా సూస్తాడు. వార్తలు చదివే ఆడపిల్ల ముక్కుపుడక రాయి మెరస్తా ఉండాదా, జడలో వెంట్రుక వెంట్రుకగా విడిగా అగుపడతా ఉండాదా, ఇదీ ఆయన లెక్క. ఎలక్షన్ ఫలితాల రోజు నేను మండీ నుంచి వస్తా, వాకిట్లో నిలబడి అడిగితిని, "సామీ, మన జిల్లాలో ఎవురు గెలస్తా ఉండారు?" అని. "అదేమో తెలీదు గోవిందస్వామీ, కింద పరిగెత్తే అక్షరాలుండాయే, వాటి అంచులు చిరగతా ఉండాయి" అనె. పొద్దున్నుంచీ టీవీ ముందరే ఉండాడు మనిషి, గవుర్మెంటు మారిన సంగతి నేను చెప్పాల్సొచ్చె. ఇంగోసారి ఏదో సినిమా, అందులో తల్లి సచ్చిపోతా ఉండాది, మీ అత్త శకుంతలమ్మ, వీధిలో ఆడోళ్ళంతా కొంగుతో కండ్లు తుడుసుకుంటా ఉండారు. ఈయన ముందుకు వంగి వంగి సూసి, "ఆ తలదిండు తెల్లగా లేదు, నీలం కొడతా ఉండాది" అనె. మీ అత్త ఆ రోజు లేచి వచ్చేసింది. ఆయమ్మకు ఏడుపు మధ్యలో ఆగిపోయిందని కోపం.

అయినా జనానికి ఆయన మాటంటే గురి. ఎవురు టీవీ కొన్నా ఈయన్ను పిలుసుకోనిపొయ్యేది, కాఫీ ఇచ్చేది, ఆయన మొహం సూస్తా నిలబడేది. డాక్టరు నాడి పట్టుకున్నప్పుడు నిలబడతామే, అట్ల. బ్యాంకు అమర్‌నాథ్ అని ఉండె, పాపం, ఇష్టపడి పెద్ద టీవీ కొనుక్కున్నాడు. ముకుందం సామి వచ్చి సూసినాడు, కాఫీ తాగినాడు, "మొహాలు పచ్చకామెర్లు వచ్చినట్లుండాయప్పా" అనేసి వచ్చేసినాడు. అంతే, ఆ పెండ్లామూ మొగుడూ రాత్రంతా అందరి మొహాల్లో పచ్చకామెర్లే సూసినారు. తెల్లారి అంగడోడితో కొట్లాడి దాన్ని మార్పించి ఇంగోటి తెచ్చినారు. మల్లా సామిని పిలిసినారు. మల్లా కాఫీ. "ముందుదే మేలు" అనె. అమర్‌నాథ్ మొహం సూడాల నువ్వు, నిజంగానే పచ్చకామెర్లు వచ్చినాయి.

మా ఇంటికైతే ఆయన టీవీ సూసేదానికి రానే రాడు. కేబులు కదా మాది. ఒకరోజు వాకిట్లోనుంచే తొంగి సూసి, "ఇది బొమ్మ కాదు గోవిందస్వామీ, బురద" అనె. మీ అత్త లోపలుండి వినింది. వినేసి గమ్మునుండింది. ఆయమ్మ గమ్మునుండిందంటే లోపల దాసిపెట్టుకున్నెట్లే, నీకు తెలీదు.

ఏం చెప్తా ఉంటిని. ఆ, ఆయన పెండ్లాం. కల్యాణవల్లమ్మ. వల్లమ్మ అంటాము మేము. సన్నంగా, పొట్టిగా ఉండేది. ఆ ఇంట్లో టీవీ పెడితే కిటికీలకు పరదాలెయ్యాల, ట్యూబులైటు ఆర్పేయాల. ఆ సీకట్లోనే ఆయమ్మ బియ్యంలో రాళ్ళు ఏరేది. మిక్సీ వెయ్యకూడదు, వేస్తే బొమ్మలో గీతలు పడతాయంట. అది మిద్దెల మీద కడ్డీల యాంటెన్నాలున్నప్పటి మాట కదా, డిష్షుకు అదేం లేదు సామీ అని డిష్షోడే చెప్పినాడు. ఈయన వింటేనా. ఆయమ్మ పచ్చడి రోట్లో నూరుకునేది. నూరతా నూరతా ఏదో కూనిరాగం తీసేది. తీసిందో లేదో, "వల్లీ, గమ్మునుండు, బొమ్మ సూస్తా ఉండాను" అని లోపల్నుంచి గొంతు వచ్చేది. పాటకూ బొమ్మకూ ఏం సంబంధమప్పా. అడిగేదానికి ఆయమ్మా అడగలేదు, మేమూ అడగలేదు.

ఆ రోజుల్లో ఈ వీధి ఆడోళ్ళు పదిమంది చేరి, గోవిందరాజుల వీధి పంతులమ్మ దగ్గిర కీర్తనలు నేర్చుకునేదానికి పోతా ఉండ్రి. మీ అత్త కూడా పోయింది నాలుగు రోజులు. పంతులమ్మే చెప్పిందంట, నీ గొంతు నీ ఇంటికే మంచిది శకుంతలా అని. వల్లమ్మ మాత్రం విడిసిపెట్టకుండా పోయింది. ఆమె చిన్నప్పుడు వాళ్ళమ్మ దగ్గిర నేర్చుకునిందంట శ్రీకాళహస్తిలో. అట్ల ఉండగా ఏదో భక్తి చానలోళ్ళు ఆడోళ్ళ గోష్ఠులకు టీవీలో పాడేదానికి అవకాశమిస్తామన్నారు. వీళ్ళు బస్సెక్కి తిరుపతి పోయి పాడి వచ్చినారు. అందరూ కలిసి ఒక పాట, వల్లమ్మ ఒక్కటే ఇంగో పాట. ఇంటికొచ్చిన మనిషిని మొగుడు ఏమడగాల? ఏం పాడినావు, ఎట్ల పాడినావు, భయమేసిందా, ఇవి కదా. ఈయన అడిగింది ఏందంటే, "లైట్లు ఎన్ని పెట్టినారు? నువ్వు ఏ చీర కట్టినావు?" అని. వాళ్ళమ్మ చీర, కుంకుమరంగు పట్టుచీర కట్టుకున్నాను అని ఆయమ్మ చెప్పింది. సామి తల పట్టుకున్నాడంట. "ఆకాశం రంగుది కట్టుకోమంటిని కదా. ఎరుపు కారతాది" అని.

ఇంగ ఆ సాయంత్రం సూడాల. వీధంతా వాళ్ళింట్లోనే. నేను, అమర్‌నాథు, ఆడోళ్ళు, పిలకాయలు, వాకిలి దాకా జనం. బొమ్మంటే సామింట్లోనే కదా సూడాల. వల్లమ్మ అందరికీ చక్కెరపొంగలి పెట్టి, ఒక మూల చాప మీద కూర్చోనింది. ఆయమ్మ చేతులు సూసినాను నేను, కొంగు మెలిపెడతా ఉండాది. మొదటి పాట వచ్చె. అందరూ వరసగా కూర్చోని పాడతా ఉండారు. మన వీధి మొహాలు టీవీలో సూస్తే ఎట్లుంటాదో తెలుసా, ఏదో మొక్కు తీరినట్లుంటాది. సామి మాత్రం రిమోటు పట్టుకోని రంగు తగ్గిస్తా ఉండాడు, పెంచతా ఉండాడు. "సూస్తిరా, ఎరుపు కారతా ఉండాది. భుజం దాటి గోడ మీదికి పోతా ఉండాది" అంటాడు. మాకు ఏం కారేది అగుపడలేదు. "కూర్చో సామీ, ఇప్పుడు వల్లమ్మ పాట" అంటిని. "ఒక్క నిమిషం గోవిందస్వామీ, డిష్షు కొంచెం పడమరకు ఒరిగింది, అదే కారణం" అని పంచె పైకి కట్టి మిద్దెక్కేసినాడు.

టీవీలో ఎవురో ఒకాయన, ఇప్పుడు శ్రీమతి కల్యాణవల్లి అని చెప్తా ఉండాడు. ఆయమ్మ మొహం వచ్చె. వచ్చిన మొహం గళ్ళుగళ్ళుగా అయిపోయె. మల్లా మొత్తం నీలం. సిగ్నల్ లేదని ఇంగ్లీషులో రాసి వచ్చె. మిద్దె మీదనుంచి గొంతు, "ఇప్పుడెట్లుండాది?" పోయింది సామీ, అని అందరం అరిసినాము. "ఉండండి, ఉండండి. ఇప్పుడు?" లేదు సామీ. "ఇప్పుడు?" వల్లమ్మ ఆ నీలం తెర వైపే సూస్తా ఉండాది. కొంగు మెలిపెట్టేది ఆగిపోయింది. అప్పుడు మీ అత్త లేచింది. పోయి వల్లమ్మ చెయ్యి పట్టుకోని లేపి, "దా అక్కా, మా ఇంట్లో బురదలో సూద్దాం" అనె.

అంతే. ఇల్లు ఇల్లంతా ఖాళీ. పిలకాయలు ముందు, ఆడోళ్ళు వెనక, అమర్‌నాథ్ పొంగలి గిన్నెతోనే పరుగు. మా ఇంట్లో కేబులు బొమ్మ, ఒక్కో మనిషికీ పక్కన నీడ మాదిరి ఇంగో మనిషి. అయితే పాట వచ్చె. పాట మొదలై కొంచెమే అయ్యుంటాది. వల్లమ్మ తన మొహాన్ని తానే సూసుకుంటా, వాకిలి పట్టుకోని నిలబడింది. నేను నాలుగు మాటలు విన్నాను, అప్పుడు గుర్తొచ్చె సామి మిద్దె మీదుండాడని. పిలుసుకోనొద్దామని పోతిని. ఆయన ఒక్కడే డిష్షు పట్టుకోని, "ఇప్పుడెట్లుండాది? ఇప్పుడెట్లుండాది?" అని ఎవురూ లేని ఇంటిని అడగతా ఉండాడు. నేను మెట్లెక్కి పొయ్యేసరికి ఆ అడిగేది ఆపేసినాడు. మా ఇంటి కిటికీలోనుంచి పాట పైకి వినపడతా ఉండాది. సామి తల ఒక పక్కకు వంచి వింటా ఉండాడు. నన్ను సూసి, "ఎవురప్పా ఆ పాడేది?" అనె.

ఆటలాడతా ఉండాడనుకుంటిని. మొహం సూస్తే ఆట కాదు. నిజంగానే అడగతా ఉండాడు. "నీ పెండ్లాం సామీ" అంటిని. "ఆమె గొంతు ఇట్లుండదే" అనె. "నువ్వెప్పుడు విన్నావు సామీ?" అని అడిగేస్తిని. అడగాలని కాదు, వచ్చేసింది నోట్లోనుంచి. దా పోదాం, సూద్దువుగాని అంటే, చెయ్యి అడ్డం పెట్టి, ఉండు అన్నాడు. పిట్టగోడ మీద కూర్చున్నాడు. పాట అయ్యేదాకా మేమిద్దరం ఆడనే ఉంటిమి. ఆ డిష్షు మాత్రం ఎటో పలమనేరు వైపు తిరిగి ఉండాది.

తర్వాత కిందికొచ్చి మా ఇంటి వాకిట్లో నిలబడినాడు. లోపల ఆడోళ్ళంతా వల్లమ్మను పట్టుకోని ఒకటే పొగడతా ఉండారు. ఈయన్ను సూసి అందరూ గమ్మునైపోయినారు. అమర్‌నాథ్ ఉండాడే, అలవాటు కదా, "బొమ్మ ఎట్లుండాది సామీ?" అనేసినాడు. "బొమ్మ సూడలేదప్పా" అని, పెండ్లాం వైపు తిరిగి, "ఏం పాట వల్లీ అది?" అనె. ఆయమ్మ నవ్వతానే చెప్పింది. "మా అమ్మ పాట. మన పెండ్లైన కొత్తల్లో ఒకసారి పాడితిని. మీరు రేడియోలో క్రికెట్ వింటా ఉండ్రి. గమ్మునుండమంటిరి. ఉంటిని." అందరూ నవ్వినారు. మీ అత్త కూడా నవ్వింది, ఆయమ్మకు ఆ బురద బాకీ తీరిపోయింది కదా. సామి ఒక్కడే నవ్వలేదు.

మారినాడా అంటావా. యాడ మారతాడప్పా. తెల్లారే డిష్షోణ్ణి పిలిపించి సరిచేయించినాడు, వారంలోపల ఇంగో ఇంట్లో కాఫీ తాగి, ఆకుపచ్చ ఎక్కువైందని చెప్పి వచ్చినాడు. కాకపోతే ఇంట్లో మిక్సీ వేసుకోనిచ్చినాడు. సాయంత్రం టీవీ ఆపి, "పాడు వల్లీ" అనేది నేర్చుకున్నాడు. అడిగినప్పుడల్లా ఆయమ్మ పాడుతుందా ఏంది. గొంతు బాగలేదండి అనేది, కూరలో ఉప్పెయ్యాలండి అనేది. అంతకాలం గమ్మునున్న మనిషికి ఆ మాత్రం బెట్టు ఉండదా. మల్లా ఆమె వంటింట్లో తనకు తాను పాడుకుంటా ఉంటే, ఈయన సప్పుడు కాకుండా వచ్చి తలుపు వెనకాల నిలబడి వినేది. మా మిద్దె మీదనుంచి నాకు తెల్లంగా అగుపడేది. ఆఫీసులో అంతమందిని నిలబెట్టిన సూపరింటెండు, తలుపు వెనకాల.

పోయే ముందర పక్షవాతం వచ్చె. మాట పడిపోయింది. ఆయన చెల్లెలు శ్రీకాళహస్తి నుంచి వచ్చి, అన్నకు పుణ్యమని మంచానికి ఎదురుగా టీవీ జరిపించి, పొద్దస్తమానం దేవుడి ఊరేగింపులు పెట్టేది. సామి కండ్లలో నీళ్ళు ధార కడతా ఉండె. "సూడండి మా అన్న భక్తి" అని వచ్చినోళ్ళందరికీ చూపించి ఆయమ్మా ఏడిసేది. వచ్చినోళ్ళు దండం పెట్టేది. నేను పోయి సూస్తిని. టీవీ జరిపేటప్పుడు ఎవురి చెయ్యి తగిలిందో ఏమో, దేవుడి మొహం, పూలు, గొడుగు, ఏనుగు, అన్నీ ఒకటే ఆకుపచ్చ. అంతమంది వచ్చి దండం పెట్టిపోయినారే, ఒక్కరికీ అగుపడలేదు. నేను రిమోటు వెతికి రంగు సరిచేస్తిని. సామి నా వైపు సూసినాడు. మల్లా బాగుండే చేత్తో టీవీ వైపు చూపించి, ఆ చెయ్యి దించేసినాడు. మాకెవురికీ అర్థం కాలేదు. వల్లమ్మ వంటింట్లోనుంచి చిక్కుడుకాయల చేట ఎత్తుకోని వచ్చి సూసి, "ఆపేయమంటారా?" అనె. కండ్లార్పినాడు. ఆపేసింది. మంచం పక్కనే కింద కూర్చోని చిక్కుడుకాయలు ఈనె తీస్తా, ఆయనకోసమని కాదు, ఊరికే, తనకు తానే కూనిరాగం…

నరేంద్రా, ఆ కిటికీ మూసెయ్యప్పా. వాన వచ్చేట్లుండాది. మీ అత్త మిద్దె మీద వడియాలు ఎండబోసింది, పోయి సూసొస్తా.