గాలి మళ్ళిన పూట

హలో… ఆ, నేనే, మామను. చెప్పు శివా.

…నిద్ర యాడిది రా. మేతవామి కాలినోనికి నిద్ర పడ్తాదా?

…అంతా పాయె. ఒక్క మోపు గూడ మిగల్లే. పెన్నేటికి నీళ్ళొచ్చిన ఏడు గదా, శెనక్కాయ కట్టె సగం చేన్లోనే కుళ్ళిపాయె. మిగిలింది ఎండబెట్టి, సలికాలానికి ఎనుముల మేతకని వామేస్తి. అదీ పాయె.

…ఎనుములు బాగుండాయి. దూడ గూడ. కొట్టం ఒక పక్క కాలింది, అంతే.

…ఇప్పుడా? పెంటదిబ్బకాడ ఉండా. తెల్లారినప్పట్నుంచి బూడిద కెలుకుతాండా.

…నేను గూడ నీకే చేస్తాంటి. రెండు మూడు తూర్లు చేస్తి, ఎత్తకపోతివి. నీతో ఒక మాట చెప్పాల.

…నువ్వు ముందు చెప్తావా? సరే. చెప్పు.

…

…ఎవుర్ని?

…గోవిందరాజులు కొడుకునా? కార్తీకునా?

…యాడ?

…జమ్మలమడుగులో. బస్టాండు ఎదురుగా రగ్గులమ్మేకాడ. అంతమంది జనం మధ్యలోనా?

…దేంతో కొడ్తిరి?

…ఇనప పైపుతో.

…రెండు చేతులూనా.

…నవ్వుతాండావేంది రా శివా?

…నా మాట నిలబెట్టినావా? నేనేం మాట చెప్తి రా నీకు?

…అవును. రాత్రి నువ్వు ఫోన్ చేసి, “ఎవురు మామా” అంటివి. “ఎవురుంటారు, గోవిందరాజులోళ్ళే” అంటి. అంతే గదా నేనన్నది. ఫోన్ పెట్టేస్తి.

…బతికుండాడా?

…శివా, అడిగిందానికి చెప్పు. ఊపిరుందా లేదా?

…ఉంది. ఆ. యాడుండాడు?

…మీ బండిలోనే? యాడికి తీస్కపోతాండారు?

…ముద్దనూరు దాటినాక గుట్టలకాడ… ఆడేం చేస్తారు?

…బండి ఆపమను.

…నువ్వేందో తర్వాత అడుగుదువు. బండి నడిపేది జమాలే గదా? జమాలును ఆపమను. ఆపమని చెప్తాండా!

…ఆగిందా? …సరే. ఫోన్లో మాట పైకి ఇనబడేటట్ల పెట్టు. అందరూ ఇనాల.

…ఇనండి. నా వామి ఎవురూ తగలబెట్టలే. నేనే తగలబెట్టుకుంటి.

…తాగలేదు రా. పొద్దున్నే ఎవుడు తాగుతాడు? నీ మాదిరా?

…చెప్తాండా గదా. నిన్న మాపటేళ సలి మొదులు పెట్టింది. దోమలన్నీ కొట్టంలోకి జొరబడ్నాయి. చట్టిలో పిడకలేసి, పచ్చి యాపాకు కప్పి, ఎనుములకు పొగ పెడ్తి. శానాసేపు పొగొచ్చినాక ఆరిపోయిందనుకొని, చట్టి తీస్కపోయి దిబ్బమీద కుమ్మరిస్తి. దిబ్బ యాడుంది? వామికి తూర్పున. వానాకాలమంతా ఆడనే కుమ్మరిస్తాండా. పడమటి గాలి గదా, రవ్వ లేసినా చేనుదిక్కు పోతాది, వామిదిక్కు రాదు.

…ఆ. నిన్న గాలి మళ్ళింది రా. తూర్పు తిరిగింది. ఏడేడూ తిరుగుతాది. సలిని తెచ్చేదే ఆ గాలి. మొన్నట్నుంచి అన్నీ సర్దుకుంటి. దుప్పట్లు ఎండేస్తి. గోనెసంచులు కుట్టి ఎనుములమీద కప్పేదానికి పట్టలు చేస్తి. పొయ్యిలోకి కట్టె కొట్టి పేరుస్తి. ఇన్ని చేసినోన్ని, గాలి యాపక్కనుంచి వస్తాండాదో చూసుకోకపోతి.

…ఎట్ల తెలిసిందంటే, పొద్దున పోయి చూస్తే దిబ్బకాడ్నుంచి వామిదాకా నేలమీద గడ్డి మాడిపోయి చార పడింది. రా, వచ్చి చూసుకో. నల్లగా, పాము పోయినట్ల.

…వాని చేతులా?

…కాలి ఉన్నాయంటావు. ఆ. కాలింటాయి.

…అదే మీకు సాక్ష్యమా? కాలిన చేతులు చూసి, వాటినే పట్టుకొని ఇరగ్గొడ్తిరా?

…ఒప్పుకున్నాడా? ఏమని? వాడన్న మాట వాడన్నట్లే చెప్పు.

…“వామికాడికి పోయింది నిజమే.” అంతే గదా? ఆ తర్వాత మాట చెప్పనిస్తిరా వాన్ని?

…అదీ. నోటిమీద కొడితే ఎట్ల చెప్తాడు?

…నేను చెప్తా ఇను. నేనప్పుడు ఇంట్లో లే. మైలవరం కాలవకాడికి పోయింటి, మోటారు చూసేదానికి. మీ అత్త ఒక్కతే ఉన్నింది. కొట్టం అంటుకుంటే ఎనుములు కట్టేసినకాడనే అరుస్తాండాయి. మీ అత్తకు తలుగుతాళ్ళ ముడి ఊడి రాలే. ఆ పిల్లోడు గోడ దుమికి వచ్చినాడు. కొడవలితో తలుగులన్నీ కోసి తోలినాడు. దూడ మంటల్లో పడుకొని లెయ్యకపోతే రెండు చేతుల్తో ఎత్తుకొని బయటేసినాడు. ఆ చేతులు రా అవి.

…రాత్రే ఎందుకు చెప్పలేదా? పొగ మింగి దానికి గొంతు పూడుకపాయె. రాత్రంతా దగ్గుతానే ఉన్నింది. తెల్లారి కాస్త నోరు పెగిలినాక చెప్పింది. అప్పట్నుంచే గదా నీకు ఫోన్ చేస్తాండేది.

…

…ఏమంటివి?

…భయపడి చెప్తాండానా?

…నీకు మీసం రాకముందు, గట్టు తగాదాలో ఈ గోవిందరాజులు నా తల పగలగొట్టినాడు. నెత్తుర్లో అట్లే నిలబడి వాళ్ళన్న చెయ్యి నరికినోన్ని నేను. కడపలో జైల్లో ఉండి వచ్చినోన్ని. భయం సంగతి నాకు చెప్తావా?

…ముసలోన్నే. మెత్తబడ్నోన్నే. అనుకో. ఏమన్నా అనుకో, వాన్ని మాత్రం ఆసుపత్రికి తీస్కపో.

…కేసవుతాదా? అయితాది. కాకుండా ఎట్ల పోతాది? చేతులు ఇరగ్గొడ్తే ఒక కేసు. సంపితే ఇంకో కేసు. యాది కావాల నీకు?

…నీ పేరు చెప్తాడని. చెప్పనీ. నా పేరు గూడ చెప్తాడు. నా పేరు నేనే చెప్తా పోలీసోళ్ళకు, మావానికి పేరందించింది నేనేనని.

…ఎవుడు వాడు మాట్లాడేది? నీ పక్కన. ఇనబడతాండాది నాకు.

…“తలమీద రాయేసి పోదాం” అంటాడా? ఏ ఊరు వాంది?

…శివా, ఆ రాయి కింద పెట్టమను.

…పెట్టమను రా! నా అక్క కడుపున పుట్టినోనివైతే పెట్టమను!

…

…పెట్టినాడా? …ఆయాసమా? నడుస్తాండా, అందుకే.

…వసంతా, నువ్వు రావాకు. ఇంట్లోకి పో. ఆ దగ్గుతో సలిగాల్లోకి రావాకంటే ఇనవా? …పో.

…ఆ, మీ అత్తే. ఎనక వస్తాంటే పొమ్మంటి.

…కుక్కా? మాకు కుక్క యాడిది. ఇది గోవిందరాజులోళ్ళ కుక్క.

…ఆ. వాళ్ళ వాకిట్లోనే నిలబడుండా.

…అరిచినందువల్ల ఏమొస్తాది? అరవాకు. కొడుకును కొట్టించినోన్ని నేనే, ఇంటికొచ్చి చెప్పేది గూడ నేనే. ఇంకెవురు చెప్తారు?

…వాళ్ళకింకా తెలీదు. పొయ్యి రాజేసినట్లుండారు, పొగ వస్తాండాది. ఆయమ్మ బొంతలు దులుపుతాండాది మిద్దెమీద. పిల్లోడు రగ్గులు తెస్తాడని చూస్తాంటాదేమో.

…నేను ఎనక్కు రాను. ఇను. ఆ రాయి పడిందంటే ఈడ నా తల తెగుతాది. అది ఖాయం. పడలేదనుకో, తెగొచ్చు, తెగకపోవచ్చు. నా తల నీ చేతిలో ఉంది రా శివా. వాని తలతోపాటే.

…

…శివా?



…ఏడుస్తావేంది రా? ఏడ్చేదానికి టైముందా? జమాలూ! జమాలూ, ఇనబడతాందా? బండి తిప్పు. ఎర్రగుంట్ల దావన పొద్దుటూరికి పోనీ. జమ్మలమడుగుకు పోవాకు, ఆడ జనం మీమీద పడి నరుకుతారు, మధ్యలో వీడు పోతాడు. పొద్దుటూరు పెద్దాసుపత్రికే పోనీ. యాడా ఆపొద్దు.

…తిప్పినాడా? …ఇనబడింది, ఇనబడింది.

…ఆ రాయెత్తినోన్ని దింపండి దావలో. నడిచి వస్తాడు.

…పిల్లోడు వణుకుతాండాడా? అది సలి గాదు, నెత్తురు పోయి. వాడు కొనిన రగ్గు యాడ?

…ఆడనే కాలవలో పారేస్తిరా. …సరే. నీ అంగీ తీసి కప్పు. నీ తుండుతో మోచేతి పైన గట్టిగా కట్టు. ఇరిగినచోట పట్టుకోవాకు, పైన. తల నీ తొడమీద పెట్టుకో.

…ఎట్ల పెట్టుకునేదా? కొట్టేటప్పుడు ఎట్ల పట్టుకుంటివో అట్ల. ఇంకొంచెం మెల్లగా.

…ఇప్పుడు ఫోన్ వాని చెవికాడ పెట్టు. …పెట్టినావా?

కార్తీకూ… నేనబ్బా. ఆదినారాయణను.

…మాట్లాడొద్దులే. ఇను సాలు. నా దూడ పొద్దున పాలు తాగింది. నువ్వు ఎత్తేసిందే. …నిన్ను కొట్టినోళ్ళు నావాళ్ళు. వాళ్ళను పంపించిన మాట నాది. నీ తప్పు అణువంత గూడ లే. ఊర్లో అందరి ఎదుటా చెప్తా. కండ్లు మూయవాకు. మూస్తే మళ్ళీ లెయ్యవు. ఆ శివాగాన్ని బూతులు తిడ్తా ఉండు, పొద్దుటూరు వచ్చేదాకా తిడ్తానే ఉండు…

…ఆ. అట్ల. ఇంకా గట్టిగా తిట్టు.

…శివా, ఫోన్ తియ్యవాకు. అట్లనే పెట్టు. గోవిందరాజులు బయటికొస్తాండాడు.

…చూసినాడు నన్ను.

…లోపలికి పోయినాడు. …వచ్చినాడు. చేతిలో కొడవలుంది. …నువ్వేం మాట్లాడొద్దు. బండి మాత్రం ఆపొద్దు.

గోవిందరాజులూ… నిలబడప్పా. నీ వాకిట్లోకి నేను అడుగుపెట్టి ఎన్ని ఏండ్లయిందో నీకూ తెల్సు, నాకూ తెల్సు. ఊరికే వస్తానా? చేతిలో ఏమీ లే, చూడు. ఈ ఫోనే.

నీ కొడుకును మావాళ్ళు కొట్టినారు. నేనన్న మాటకే కొట్టినారు. రెండు చేతులూ ఇరగ్గొట్టినారు. బతికుండాడు. పొద్దుటూరు పెద్దాసుపత్రికి తీస్కపోతాండారు. నువ్వు పోవాల ఆడికి, ఇప్పుడే.

…కొడవలి ఎత్తినావు గదా, ఎత్తినట్లే పెట్టుకో. దించమననులే. ముందు రెండో చేత్తో ఈ ఫోన్ పట్టుకో. నీ కొడుకు మాటినబడతాది. ఇన్నాక నరుకు. నేను యాడికీ పోను, ఈడనే నిలబడుంటా.

ఇదో… పట్టుకో.