గోప్‌నాథ్ మంచుల తాత

"అవ్వా, గోప్‌నాథ్ కాడ తాత మంచుల తప్పిపోయిన ముచ్చట చెప్పవా? ఫోన్‌ల రికార్డ్ చేస్త. అప్పుడు నాకు పరీక్షలుండె, నేను రాకపోతిని."

చెప్త తియ్యి. ఫోన్ జర దగ్గర వెట్టు. ఇప్పుడు నవ్వుకుంట చెప్తున్న గని, ఆ పొద్దు నా పానం పానంల లేదు బిడ్డా.

మీ తాతకు చెవులు ఇనరావు గద. పుట్టుకతోని గాదు, కరెంటు సాంచెల మీద బట్ట నేసి నేసి పోయినయ్. సీదా సూరత్‌కే వచ్చిండు... కాదు కాదు, సిరిసిల్లల రెండేండ్లు చేసి, ఆడ్నుంచి వచ్చిండు. గప్పుడు పర్వత్ పాటియా దిక్కు ఖోలీ కిరాయి ఎంతనుకున్నవ్? అరవై రూపాయలు. మా ఆడిబిడ్డ గూడ మాతోనే ఉండె, ఆమె వండే మక్క గట్క... ఆ, ఏం చెప్తున్న? చెవులు. నలభై ఏండ్లు ఆ సప్పుడుల నిలవడ్డంక ఏం మిగుల్తయ్? చెవికి మిషిన్ వెట్టిస్తే, "బుర్రల ఈగ తిరిగినట్టున్నది" అని తీసి డబ్బల వెట్టిండు.

పని బంద్ చేసినంక ఒకనాడు మీ నాయినతోని అన్నడు, "సీనూ, ఇన్నేండ్లు సూరత్‌ల ఉండి డుమస్ కాడి నల్ల ఇసుక తప్ప ఏం సూడలే. రాళ్లకు అల కొట్టేది ఒక్కపారి సూడాలె." మీ నాయిన అప్పుడే పాత కారు కొన్నడు. చలికాలం. హజీరా కాడ కారును పడవ ఎక్కిచ్చిండు. కారు పడవ ఎక్కుడేందని నేను సీటు గట్టిగ పట్టుకొని కూసున్న. అవతలి ఒడ్డుకు దిగి, రాత్రి ధర్మశాలల పండుకొని, తెల్లారంగ బయలెల్లినం. ఆడి వాచ్‌మన్ ముందే చెప్పిండు, గోప్‌నాథ్ దిక్కు సముద్రం ఒడ్డున రాళ్లు కోసినట్టు కిందికి ఉంటయి, పైలం అని.

కుడి దిక్కు ఉల్లిగడ్డ చేన్లు, ఎడమ దిక్కు సముద్రం. ఉన్నదంటే ఉన్నది గని కనవడదు. గసోంటి మంచు. మీ నాయిన కారు పక్కకు ఆపి, "అమ్మా, రోడ్డు కనవడ్తలేదు, తేటగయ్యెదాక ఆగుదాం" అన్నడు. నేను డబ్బలకెల్లి చాయ్ వంచుతున్న. మీ తాత ఒంటికి పోయొస్తనని దిగిండు. రెండు అడుగులేసిండో లేదో, మంచుల కలిసిపోయిండు.

చాయ్ సల్లగైంది. మనిషి రాలే. మీ నాయిన హారన్ కొట్టుడు, "బాపూ, బాపూ" అని మొత్తుకునుడు. నాకు అప్పుడు తట్టింది. "ఎవ్వల్ని పిలుస్తున్నం రా? ఆయనకు ఇనవడ్తదా?" అన్న. కిందికెల్లి అలలు ధన్ ధన్ కొడుతున్నయ్.

మీ నాయిన ఉరుకవోతే అంగి పట్టుకొని ఆపిన. నా సంచిల మూడు చీరలున్నయ్, కొసకు కొస ముడేసినం. "నేను పోత" అంటడు. "నువ్వు జారితే నేను గుంజగల్తనా? నేను జారితే నువ్వు గుంజుతవ్" అన్న. వాడే ముళ్లు గట్టిగ గుంజి సూసిండు. ఒక కొస నా నడుముకు, ఒక కొస వాని చేతికి. వంగి, నేలను చేత్తోని తడుముకుంట పోయిన. రెండు చీరల పొడుగు దాటిన. ఏం కనవడదు. గంతట్ల బీడీ వాసన.

ఆ బీడీ మీద ఎన్నిపార్లు కొట్లాడిన్నో నీకు ఎరుకే. ఆ వాసన ఎంబడే పోయిన. గొంతుకూసొని తాగుతున్నడు బిడ్డా. ఈపుల రెండు గుద్దిన, ఏడుపు ఆగలే. ఆయన నా చెయ్యి పట్టుకొని, "మెల్లగ, ముంగటికి పోకు" అన్నడు.

"నీకెట్ల తెల్సు?" అని చెవుల మొత్తుకున్న.

"కారు ఎటున్నదో తెల్వక నాలుగు అడుగులేసిన. కాళ్ల కింద నేల అదిరింది. సాంచెలు నడుస్తుంటే కార్ఖానల గచ్చు అదరదా, గట్ల. అల ఈడనే కొడుతున్నదని కూసున్న. మీరు రాకుంట ఉంటరా?"

చీర పట్టుకొని ఇద్దరం మళ్లినం. పొద్దెక్కినంక మంచు ఇడిపోయింది. సూస్తే ఆయన కూసున్న కాడికి ఐదారు అడుగులల్ల నేల ఖతం. కింద నల్లరాళ్లు, తెల్లటి నురుగు. మీ నాయిన రోడ్డు మీదనే కూలవడి చిన్న పిలగాని లెక్క ఏడ్సిండు. మీ తాత వాని తల నిమురుకుంట, "లే సీనూ, పోదాం పా. ముంగట ఇంకా శాన సముద్రం ఉన్నది గద" అన్నడు.

ఆ పొద్దంత దీవ్ ఊరి దాక సముద్రం ఎంబడే పోయినం. ఆయన ముంగట సీట్ల, అద్దం దించుకొని. నేను ఎనుకకెల్లి ఆయన కాలర్ పట్టుకున్న. దీవ్‌ల దిగెదాక ఇడువలే. చేతులు తిమ్మిరెక్కినయ్ గని, పానం ఎంత నిమ్మలమైందో. గసోంటి నిమ్మలం నాకు మీ నాయినను కన్ననాడు గూడ లేకుండె.

నువ్వు గూడ కారు నేర్సుకుంటున్నవంట గద? నేర్సుకో. దూరం దూరం పో, అన్ని సూడు. దారి కనవడకపోతే ఆగు, ఆలస్యమైతే ఏం గాదు, ఎవ్వలేమనుకున్నా సరే. నువ్వు సల్లగుండాలె బిడ్డా, పోయిన కాడల్ల నీకోసం ఎతికేటోళ్లు ఉండాలె. ఇగ బంద్ చెయ్యి దాన్ని, మీ తాతకు చాయ్ వెట్టాలె...