చిన్న చిప్పులో పెద్దల పేర్లు

సభకు పెద్దగా ఉన్న మా ఛైర్మన్ రత్తయ్య గారికి, వేదిక మీదున్న డైరెక్టర్లకు, కింద కూర్చుని పనంతా చేసే మీ అందరికీ నమస్కారం. మన కంపెనీలో ఒక్క పేరు వదిలేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు కనుక, వదిలేసిన వాళ్ళందరికీ ముందే క్షమాపణ. (నవ్వులు)

ఈ ఆటోనగర్లో మనం చేసేది లారీల కాటాకు పెట్టే చిన్న కంప్యూటరు, అంతా ఒకే బోర్డు మీద. స్విచ్ వెయ్యగానే దాన్ని నిద్ర లేపి, మెమరీ ఉందా, కాటా పలుకుతోందా అని చూసుకుని, అసలు ప్రోగ్రాంకి పని అప్పగించి తప్పుకునే బూట్ ప్రోగ్రాం ఒకటుంటుంది. ఇవాళ రిటైరయ్యేదాకా నా పని దానితోనే. సభలో వక్తను పరిచయం చేసే మనిషి లాంటిది, కాకపోతే దానికి కూర్చోవడం వచ్చు.

అది మనం రాసింది కాదండీ. ఏయే దేశాల వాళ్ళో రాసి ఊరికే ఇచ్చారు. ఒక్కటే షరతు, మార్చి అమ్ముకుంటే ఆ మార్పులు కూడా నలుగురికీ ఇవ్వాలి. డైరెక్టర్లు ఊరికే అన్నంతవరకు విని చాలా సంతోషించారు.

రెండువేల ఆరులో, స్విచ్ వెయ్యగానే తెర మీద ఛైర్మన్ గారి ఫోటో, డైరెక్టర్ల పేర్లు హోదా ప్రకారం రావాలని తీర్మానించారు. ఆ వరస తేలడానికే ఒక వేసవి పట్టింది. చిప్పులో చోటు లేదని నాతో పనిచేసే నజీమా గారూ నేనూ మొత్తుకున్నాం. "ఏదో ఒకటి తీసెయ్యండి డేనియల్ గారూ" అన్నారు ఛైర్మన్ గారు. తియ్యడానికి ఒకటే దొరికింది. కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తుండగా కరెంటు పోతే, పాతదానితో బోర్డును బతికించే భాగం.

ఆ ఏడు వరికోతల కాలంలోనే చల్లపల్లిలో కాటా నడిపే అలీ గారు ఫోన్ చేశారు. కొత్త ప్రోగ్రాం ఎక్కుతుండగా కరెంటు పోయిందట. "మీ పెద్దలందరూ వచ్చారండీ, కాటా ఒక్కటే రాలేదు" అన్నారు. బయట ధాన్యం లారీలు బారులు తీరి ఉన్నాయి, పైన వాన. ఆ ధాన్యం తడిసిందని తలచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

రేపటి నుంచి నా కుర్చీ నజీమా గారిది. ఛైర్మన్ గారి అబ్బాయి కొత్తగా డైరెక్టరయ్యారు, ఆయన పేరూ చేర్చమన్నారు. ఈసారి ఏం తియ్యమంటారోనని ఆవిడ దిగులు.

దిగులు పడకండి నజీమా గారూ. షరతు ప్రకారం మన మార్పులన్నీ, పెద్దల పేర్లతో సహా, పోయిన వారం ఇంటర్నెట్లో పెట్టేశాను. బ్రెజిల్ నుంచి ఒకాయన రాశారు. కాటా భాగం బాగుందట, మధ్యలో ఈ పెద్దలెవరో అర్థం కాలేదట, వాళ్ళను తీసేసి, కరెంటు పోతే బతికించే పాత భాగం తిరిగి పెట్టాను, అభ్యంతరమా అని. ఏమీ లేదన్నాను.

అలీ గారు అడిగితే ఇవాళ పొద్దున చల్లపల్లి వెళ్ళి ఆ బ్రెజిల్ ఆయన పంపినదాన్నే ఆయన బోర్డుకు ఎక్కించాను. దాని వెనక కొత్త కాటా ప్రోగ్రాం ఎక్కిస్తుంటే మధ్యలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక బోర్డు లేచి, ఎవరి పేరూ చెప్పకుండా, నేరుగా లారీ తూకం చూపించింది.

పని అప్పగించాను, ఇక తప్పుకోవాలి. ఇంతసేపు ఓపిగ్గా విన్నారు, సంతోషం. సెలవు.