చీటీ మీద పేరు

గాంధారి ఊరి దగ్గరి లంబాడీ తండాలో, గుడిసె ముందు కూర్చొని ఒక నర్సు ముసలవ్వకు బీపీ చూసి చీటీ రాస్తోంది. ఊళ్లు తిరిగి వైద్యం చేసే సంస్థలో ఆమె చేరి నెలే అయింది.

"పట్నంల పెద్ద దవాఖాన ఇడిసిపెట్టి ఈడికొచ్చినవా? ఎల్లగొట్టిండ్రా బిడ్డా?"

"లేదవ్వా, నేనే మానేసిన. ఓ రోజు ఒకాయన పానం పోయింది. 'ఆఖరికి ఏమన్నడమ్మా?' అని ఆయన భార్య అడిగింది. నాకేమో ఆయన మంచం నంబరు తప్ప పేరు సుత యాదికి రాలె. మర్నాడు దవాఖాన గేటు లోపలికి నా కాళ్లు పడలె."

"మరి ఈడ?"

"ఈడ నిమ్మలంగున్న. నంబర్లు లెవ్వు, అందరు ఎరుకే."

"ఆ చీటీల నాదేం రాసినవ్, సదువు."

"తేజ్యా తల్లి."

"తేజ్యా నా కొడుకు పేరు. ఆడు పుట్టినంక అందరు గట్లనే పిలుస్తరు."

నర్సు చేతిలో పెన్ను ఆగింది. నెల నుంచి వారం వారం ఈ చెయ్యే పట్టుకుంది. ఒక్కసారీ అడగలేదు.

"నీ పేరేందవ్వా?"



"ఆగు బిడ్డా, నోట్లెకు రావాలె గద... బాలి."

నర్సు పాతది కొట్టేసి, కొత్తగా రాసి, పైకి చదివింది.

"మల్లొక్కసారి సదువు బిడ్డా."